షెల్బీ ఉద్యోగం వెతుకుతోంది

"ఇవాళ్టి నుంచి మన కాలేజీలో ఏ విద్యార్థీ దొరికిన పనల్లా చెయ్యడు! తన భవిష్యత్తును తానే ఎంచుకుంటాడు!" అని మా వైస్ ప్రెసిడెంట్ కెస్లర్ గారు భోజనశాలలో కుర్చీ ఎక్కి ప్రకటించారు. నేల తుడుస్తున్నదాన్ని, తుడుపుకర్ర చంకలో పెట్టుకుని మరీ చప్పట్లు కొట్టాను. అయోవా రాష్ట్రంలో ఓ మూలనున్న కాలేజీకి ఇంతటి మనిషి దొరకడం మామూలు విషయమా?

ఇన్నాళ్లూ మా పిల్లలు, పాపం, అజ్ఞానంలో ఉండేవాళ్లు. సీటు నిలవాలంటే ప్రతివాళ్లూ చదువుతోపాటు చెయ్యాల్సిన పార్ట్‌టైమ్ పని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ చేరిపోయేవాళ్లు. ఇక ఆ ఆటలు సాగవు. కెస్లర్ గారు కొత్తగా తెరిచిన ఎంపిక కేంద్రంలో సలహా తీసుకున్నాకే చేరాలి. సలహాదార్లు కావాలి కనక నా దగ్గర గిన్నెలు కడిగే పిల్లలందరినీ, జిమ్ డెస్కు పిల్లతో సహా పట్టుకెళ్లి మెడలకు టైలు కట్టారు.

మొదటి సంవత్సరం షెల్బీ నొవాట్నీ వంటింట్లోకి వచ్చి కూలబడింది.

"లినెట్ గారూ, శుక్రవారంలోగా పని దొరక్కపోతే నా సీటు గోవిందా. మళ్లీ మా ఊరి ఫ్యాక్టరీలో టర్కీ కోళ్ల ఈకలు పీక్కోవాల్సిందే."

"ఏం పని కావాలే నీకు?"

"జిమ్ డెస్కు. వచ్చినవాళ్ల కార్డు చూడ్డం, కెమిస్ట్రీ చదువుకోవడం."

కాఫీ ఇచ్చే వంకతో నేనూ దాని వెంట కేంద్రానికి వెళ్లాను. మొన్నటిదాకా నా దగ్గర మూకుళ్లు తోమిన టానర్ బల్ల వెనక గంభీరంగా కూర్చున్నాడు.

"ఐదేళ్ల తర్వాత ఎక్కడుండాలని నీ కోరిక?"

"ముందు శుక్రవారానికి జిమ్ డెస్కు దగ్గరుంటే చాలు."

"జిమ్‌కి తాళం పడింది. డెస్కు పిల్ల అదుగో, పక్క బల్ల దగ్గర సలహాలిస్తోంది."

"పోనీ గిన్నెలు కడుగుతాను."

"కుదరదు. మేం పెట్టిన అభిరుచుల పరీక్షలో నువ్వు నాయకురాలివని తేలింది. నాయకుల చేత గిన్నెలు కడిగించం."

"నువ్వేమని తేలింది?"

"నేనూ నాయకుణ్ణే. అందరం అంతే," అన్నాడు టానర్, కాస్త దిగులుగా.

శుక్రవారం కేంద్రాన్ని చూడ్డానికి రాష్ట్ర సెనేటర్ గారు వేంచేశారు. శుక్రవారమంటే మాకు మాంసం, బీన్సు కలిపి పలచగా వండే చిల్లీ కూర, పక్కన దాల్చినచెక్క వేసిన తీపి రోల్. వంట సిద్ధం. కడిగిన పళ్లెం ఒక్కటీ లేదు. కెస్లర్ గారు క్షణం తడుముకోలేదు. కొత్త విద్యార్థులకు పంచగా మిగిలిన కాలేజీ ఫ్రిస్బీలు, అదే గాల్లోకి విసిరి ఆడుకునే ప్లాస్టిక్ పళ్లేలు, తెప్పించి, తిరగేసి, వాటిలో చిల్లీ పోయించారు.

"విద్యార్థుల ఆలోచనేనండీ," అన్నారు.

సెనేటర్ గారు ఫ్రిస్బీని ఒళ్లో జాగ్రత్తగా నిలబెట్టుకుని కేంద్రమంతా కలయజూశారు. సలహాదార్లు బారులు తీరి ఉన్నారు. ఎదురుగా కుర్చీలో షెల్బీ ఒక్కతే ఉంది.

"ఈ అమ్మాయికి ఏం ఉద్యోగం ఇచ్చారు?"

షెల్బీ నా వైపు చూసింది. వడ్డన గరిటె పట్టుకున్న నేను చిల్లీ వైపు చూశాను.

"ఇదే ఆమె ఉద్యోగమండీ!" అన్నారు కెస్లర్ గారు. "ఇక్కడ కూర్చుని ఉద్యోగం వెతుక్కోవడం. ఈమే లేకపోతే వీళ్లంతా ఎవరికి సలహా ఇస్తారు?"

సెనేటర్ గారు మెచ్చుకుని మీసానికి అంటిన చిల్లీ తుడుచుకున్నారు.

సోమవారం నుంచి షెల్బీకి కిటికీ పక్కన బల్ల, దీపం, మెత్తటి కుర్చీ. అది కెమిస్ట్రీ పుస్తకం తెరుస్తుంటే కెస్లర్ గారు స్వయంగా వచ్చి భుజం తట్టారు.

"జాగ్రత్తమ్మా! పొరపాటున ఏదైనా ఉద్యోగం దొరికిందంటే నీ ఉద్యోగం పోతుంది."