మెట్ల మీద నీళ్లు, మచ్చలేని మనుషులు

పాపం అంటకుండా బతకాలంటే ఒక్కటే మార్గం. చేతులు ముడుచుకుని కూర్చోవడం!

నమ్మరా? మా ఇంట్లోనే రుజువుంది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో మా వారు ఒక్క పాలగిన్నె మాడ్చలేదు, ఒక్క కప్పు పగలగొట్టలేదు. ఎలా పగలగొడతారు, సింక్ దగ్గరికి వస్తేగా! గిన్నెలు మాడ్చిందీ, కప్పులు పగలగొట్టిందీ, తెల్ల చొక్కాని గులాబీ రంగు చేసిందీ అన్నీ నేనే. పాత నేరస్తురాలిని.

మా అపార్ట్‌మెంట్ నిండా ఆయనలాంటి పుణ్యాత్ములే. రెండో అంతస్తు మెట్ల దగ్గర పైపు కారడం మొదలై వారమైంది. ఒక్కరైనా దాన్ని పగలగొట్టారా? లేదు! బాగు చేయించారా? అది వేరే సంగతి. రిటైర్డ్ లెక్చరర్ గారు ఫోటో తీసి, ‘నడిచేటప్పుడు జాగ్రత్త’ అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నలభై రెండు దణ్ణాలు, పదకొండు బొటనవేళ్లు! ఆయన అల్లుడుగారు రోజూ ఆ నీళ్ల మీంచి లాంగ్ జంప్ చేసి కండలు పెంచుకున్నారు. సెక్రటరీ గారు ప్యాంటు మడిచి, మునివేళ్ల మీద దాటారు. చీమకైనా హాని చేయని అడుగులు!

డిగ్రీ చదివిన నాకే బుద్ధి లేకపోయింది. ఓ పాత గోనెసంచి తెచ్చి ఆ నీళ్ల మీద పరిచాను.

మర్నాడు పొద్దున్నే మూడో అంతస్తు టైలరమ్మ దాని అంచు కాలికి తగిలి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఒంటరి మనిషి. కత్తెరా, సూదీ, బతుకూ అన్నీ ఆ చేతిలోనే. ఆరు వారాలు కట్టు.

సాయంత్రం మీటింగ్. ఎంత చక్కటి విచారణ!

“గోనెసంచి వేసిందెవరు?” అన్నారు సెక్రటరీ గారు.

“నేనేనండీ. నీళ్లున్నాయని...”

“నీళ్ల మాట తర్వాతమ్మా! నీళ్లు వాటంతటవే వచ్చాయి. గోనె దానంతటది నడిచిరాలేదుగా?”

“వారం నుంచీ మేమంతా దాటట్లేదూ? ఎవరైనా పడ్డామా?” అన్నారు అల్లుడుగారు.

లెక్చరర్ గారు ఫోన్ తీసి తన ఫోటో మళ్లీ చూపించారు. నేను మా వారి వైపు చూశాను. వారు ఫ్యాన్ వైపు చూస్తున్నారు.

ఇకపై మెట్ల మీద ఎవరూ ఏమీ వేయరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. పైపు ఎజెండాలో లేదట!

నేనూ ఒట్టు పెట్టుకున్నాను, మంచి చేసే ఈ చెడ్డ అలవాటు మానేస్తానని. ప్రాణం ఎంత తేలికపడిందో! టైలరమ్మ త్వరగా కోలుకోవాలని అందరితో పాటు గ్రూపులో ఓ పువ్వు పెట్టాను. యాభై మూడు పువ్వులయ్యాయి. ఆమె గడప మాత్రం ఎవరమూ తొక్కలేదు. పువ్వు వెళ్లాక మనిషెందుకు? నాకైతే మొహం చెల్లలేదు, అది వేరే.

నిన్న పొద్దున తలుపు చప్పుడైంది. ఎదురుగా టైలరమ్మ! మెడకి వేలాడే చేయి, చింపిరి జుట్టు, ఎడమచేతిలో దువ్వెన. అక్షింతలు తప్పవనుకున్నాను.

“అక్కా, ఒంటిచేత్తో జడ రావట్లేదు. కాస్త అల్లిపెడతావా?”

“నా దగ్గరికొచ్చావేంటే? నిన్ను పడేసింది నేనేగా!”

“అందుకేగా వచ్చింది! ఇంకెవరి తలుపు కొట్టను? వాళ్లంతా ఏ పాపం ఎరగనివాళ్లాయె!” అంటూ లోపలికొచ్చి, నాకు వీపు పెట్టి కూర్చుంది. “కట్టు విప్పేదాకా నేరం ఒప్పుకుంటూ ఉండక్కా. నువ్వూ నిర్దోషివైపోతే నా జడ గతేం కాను?”