తొమ్మిదో నంబరు మగ్గం కింద శవం

ఆ శనివారం లింగమూర్తి వేసుకున్న పథకంలో వంకపెట్టడానికి ఏమీ లేదు. ఉదయం ఎనిమిదింటికి రాత్రి షిఫ్టు దిగుతాడు. భార్య ఊర్మిళ నవల కట్టను గుడ్డలో కుట్టి సూరత్‌లోని ఖటోదరా మగ్గాల కార్ఖానా దగ్గరికి తెస్తుంది. పోస్టాఫీసు మూసే పన్నెండులోపు రిజిస్టరు పోస్టు చేస్తారు. హైదరాబాదు వారపత్రిక పోటీకి అదే ఆఖరి రోజు. ఆ తేదీ ముద్ర పడితే చాలు.

నాలుగేళ్ల కష్టం ఆ నవల. పక్కవాడు అరిచినా వినబడని మగ్గాల మోతలో నిలబడి ముప్పై రెండు అధ్యాయాలు, పదకొండు హత్యలు అల్లాడంటే మామూలు గుండె కాదు.

అయితే నేతగాడు మగ్గాన్ని ఖాళీగా ఉంచడు. పాత పోగులు అయిపోకముందే వాటి కొసలకు కొత్త పోగులు ముడివేస్తాడు. నవలైనా అంతే అని లింగమూర్తి నమ్మకం. పాతది గడప దాటేలోపు కొత్తది మొదలవ్వాలి. సరిగ్గా షిఫ్టు దిగేముందు మొదటి వాక్యం తట్టింది. జేబులో కాగితం లేదు. మగ్గానికి వేలాడే చిట్టీ మీద రాసేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

మగ్గం దిగేవాడు ఎక్కేవాడికి సంగతులు చెప్పేది ఆ చిట్టీ మీదే. ఎక్కేవాడు సోమలింగం వచ్చి చదివాడు: 'పన్నెండు కొట్టేలోపు తొమ్మిదో నంబరు మగ్గం కింద ఒక శవం పడి ఉంటుంది.'

"ఓరి నాయనో! నా మగ్గమే!"

సోమలింగం పరుగెత్తి కరెంటు మెయిన్ స్విచ్చి ఆపేశాడు. ఇరవై నాలుగు మగ్గాలు ఒక్కసారిగా మూగబోయాయి. ఆ నిశ్శబ్దానికి బెదిరిన కార్ఖానా యజమాని సేఠ్ ఉరికొచ్చి, సంగతి విని, గేటుకు తాళం వేయించాడు.

"కిస్‌నే లిఖా?"

"నేనే సేఠ్. కహానీ అది, ఉత్త కహానీ!" అన్నాడు లింగమూర్తి.

"గట్లనే అంటడు సేఠ్! మొన్న ఛాయ్ కాడ మాకు లొల్లయింది. మనసుల పెట్టుకున్నడు," అన్నాడు సోమలింగం.

"పోలీస్ కో బులావ్!"

అప్పటికే మూటతో వచ్చి లోపలే చిక్కుకుపోయిన ఊర్మిళ ముందుకొచ్చింది. "జర ఆగుండ్రి. కథలు రాస్తడో లేదో జూపిస్త," అంటూ మూట కుట్లు పళ్లతో తెంపింది. సూరత్‌లోనే పెరిగిన మనిషి కాబట్టి ముఖ్యమైన చోట్లు హిందీలో గడగడా చెప్పసాగింది. ఒక్క పేజీ చాలన్న సేఠ్ నాలుగో హత్య దగ్గర స్టూలు తెప్పించుకున్నాడు. ఏడో హత్యకు అందరికీ ఛాయ్ చెప్పాడు.

"టైమైతున్నదే!" అన్నాడు లింగమూర్తి.

"చుప్! ఆగే క్యా హువా?" అన్నాడు సేఠ్.

పదకొండున్నరకు ఆఖరి అధ్యాయం వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది లింగమూర్తికి. ఆ పదకొండు హత్యలూ చేసింది ఒక కార్ఖానా సేఠ్.

"ఖూనీ కౌన్?" సేఠ్ లేచి నిలబడ్డాడు.

ఊర్మిళ తలెత్తలేదు. "బంబయి కా దలాల్. ఉస్కో కార్ఖానే కే సేఠ్ నే పకడా."

"ముఝే మాలూమ్ థా!" హంతకుడు దళారి, పట్టుకున్నది తనలాంటివాడే అని వినేసరికి సేఠ్ ఛాతీ ఉప్పొంగింది. గేటు తెరుచుకుంది.

"నేను రాయని దలాల్ ఏడికెళ్లి వచ్చిండే?" అని గుసగుసలాడాడు లింగమూర్తి.

"తాళం తీపియ్యాల్నా, వద్దా?"

మూట మళ్లీ కుట్టాలి. ఇంత కార్ఖానాలో ఒక్క సూది లేదు. సోమలింగమే దారం తెచ్చి నేత ముళ్లతో బిగించాడు. "పదకొండు మందిని సక్కగ సంపినవ్ అన్నా. నన్నొక్కణ్ని ఇడిసిపెట్టు," అని బతిమాలాడు.

సేఠ్ తన స్కూటర్ మీద లింగమూర్తిని స్వయంగా పోస్టాఫీసుకు తీసుకెళ్లాడు. పన్నెండుకు ఐదు నిమిషాల ముందు ముద్ర పడింది. తిరుగుదారిలో సేఠ్ ఒకే షరతు పెట్టాడు: ఇకపై శవాలు తన కార్ఖానాలో పడకూడదు.

నిద్ర కూడా పోకుండా ఆ మధ్యాహ్నమే లింగమూర్తి కొత్త నవలకు కూర్చున్నాడు. శవాన్ని పక్క కార్ఖానాకు మార్చాడు. అక్కడ తెలుగు చదివేవాళ్లు ఎవరూ లేరని ముందే కనుక్కున్నాడు.