నర్సమ్మగారి వైపరు తీగె ఎవరు కాజేశారు

“ఈ భూమ్మీద తేలని కేసులు రెండే రకాలు. ఇంకా జరగనివి ఒక రకం. జరిగినా నా దాకా రానివి రెండో రకం” అని ప్రకటించాడు యలమంద, వేడి పునుగును నోట్లో అటూ ఇటూ దొర్లిస్తూ.

ఈ ప్రకటన విన్నవాళ్లం ఇద్దరం. నేనూ, పునుగులు వేసే సంతోషకుమారీ. “చెట్నీ ఇంకొంచెం వెయ్యమంటావా?” అంది ఆవిడ.

యలమంద నా చిన్ననాటి స్నేహితుడు. పర్చూరు సెంటర్లో ఎస్టీడీ బూత్ నడుపుతున్నాడు. బూత్ అద్దం మీద ‘డిటెక్టివ్ యలమంద. రహస్య పరిశోధనలు. చిన్న కేసులు పెద్దవి చేయబడును’ అని కాగితం అంటించాడు. చివరి వాక్యం బాగాలేదురా అని నేనంటే, “మనూళ్లో పెద్ద కేసులు యాడున్నయిరా? చిన్నవాటినే పెంచి పెద్ద చేసుకోవాలి” అన్నాడు.

నా సంగతి వేరు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. మా వీధిలో ఎవరికి ఏ ప్రభుత్వ కాగితం వచ్చినా చదివిపెట్టి, చేయవలసింది చేసిపెట్టడం నా బాధ్యత. ఆ బాధ్యతే నన్ను ఈ కేసులోకి ఈడ్చింది.

అది 1999 జూలై. పత్తి గింజలు నాటుతున్న రోజులు. రిటైరైన నర్సు నసీమున్నీసా గారు ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఊళ్లో అందరూ నర్సమ్మగారనే అంటారు. ఆవిడ భర్త దగ్గర 1951 నాటి ఫోర్డు కారు ఒకటుండేది. ముప్ఫై ఏళ్లపాటు ఆయన నడపగా ఆవిడ ఆ కార్లోనే చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి పురుళ్లు పోశారు. నన్ను ఈ లోకంలోకి లాగిందీ ఆవిడే. ఆయన కిందటేడు పోయారు. కారు మిగిలింది.

కాగితం చదివాను. రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది. శుక్రవారం బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు కారు పెట్టాలి. అన్నీ పనిచెయ్యాలి, వైపరుతో సహా.

“అన్నీ పనిచేస్తయి నాయనా, ఆ వైపరొక్కటే కదలదు” అన్నారు నర్సమ్మగారు. “శుక్రవారం పాసు కాకపోతే శనివారం పాత ఇనుము వాళ్లకి ఇచ్చేద్దామని మా అల్లుడు బండి కూడా మాట్లాడాడు. ఆదివారాలు పీరు నడుపుతుంటే నేను పక్క సీట్లో కూచుంటాను. కాసేపు ఆయనే నడుపుతున్నట్టుంటది. అదొక్కటే నాయనా నాకు.”

పీరు ట్రాక్టరు మెకానిక్కు. సోమవారం సాయంత్రం కారున్న షెడ్డులో బానెట్ ఎత్తి, అరగంట తల లోపలే పెట్టి, చివరికి బయటికి తీశాడు.

“మాస్టారూ, దీనికి తీగె లేదు.”

“ఏ తీగె?”

“ఏ తీగే లేదు. వైపరు ఆడాలంటే మోటారుకి కరెంటు పోవాలిగా. ఒక్క తీగన్నా లేదు. ఎవరో పీకేసినట్టుంది.”

అప్పుడు నేను జీవితంలో చేయకూడని పని చేశాను. ఆ మాట యలమందకు చెప్పాను.

ఆ ఏడు పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగె ఎత్తుకుపోతున్నారు. యలమంద బూత్‌కు తాళం వేసి, బైటికొచ్చి, ఆకాశం వైపు చూశాడు. “రాగి ముఠా” అన్నాడు గొంతు తగ్గించి. “చేలు అయిపోయినయ్యి. ఇప్పుడు కార్ల మీద పడ్డారు.”

“మూరెడు తీగె కోసమా?”

“సామ్రాజ్యాలు మూరెడు మూరెడుగానే కూలిపోతయిరా మాస్టారూ.”

మంగళవారం పరిశోధన మొదలైంది. వేలిముద్రల కోసం నర్సమ్మగారి పౌడరు డబ్బా అడిగి, కారు ముందు అద్దమంతా దట్టంగా చల్లాడు. ఏడు వేలిముద్రలు దొరికాయి. ఏడూ యలమందవే. “దొంగ ఎంత తెలివైనవాడో చూడు, ఒక్కటీ వదల్లేదు” అన్నాడు.

తర్వాత నర్సమ్మగారిని విచారించాడు.

“వైపరు చివరిసారి ఎప్పుడు ఆడింది?”

“పదేళ్లయి ఉంటది. వానొస్తే ఆయన ఆక్సిలేటరు మీద కాలు తీసేసేవారు. ఎందుకండీ ఆపుతున్నారు అంటే, అద్దం తుడవనీ అనేవారు.”

యలమంద తన నోటుపుస్తకంలో ‘భర్త మీద ప్రేమ. కేసుకు సంబంధం లేదు’ అని రాసుకున్నాడు. నేను కూడా తలూపాను. బీయస్సీ ఫిజిక్సు చదివినవాణ్ణి అలా తలూపినందుకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను.

బుధవారం మోటార్లు చుట్టే పేరయ్య కొట్టు మీదికి వెళ్లాం. గుమ్మంలోనే ఆగి యలమంద చెయ్యి చాచి చూపించాడు.

“పేరయ్యా, నీ కొట్టు నిండా రాగి తీగె ఉంది.”

“మోటార్లు చుట్టే కొట్లో తీగె కాకపోతే తాళిబొట్లుంటయ్యా?”

“సోమవారం నువ్వెక్కడున్నావు?”

“ఇక్కడే. నువ్వేగా నీ బూత్ ఫ్యాను చుట్టమని ఇచ్చి, సాయంత్రం దాకా నా నెత్తిన కూర్చున్నావు.”

యలమంద నా వైపు తిరిగి, “బలమైన సాక్ష్యం సంపాదించుకున్నాడు. అందుకే అనుమానం ఎక్కువవుతోంది” అన్నాడు.

గురువారం స్కూలుకు సెలవు పెట్టి గుంటూరు వెళ్లాను. తీగె పోతే పోయింది, తీగెతో సహా కొత్త మోటారే దొరుకుతుందేమోనని ఆశ. పాత సామాన్ల కొట్లు ఎనిమిది తిరిగాను. చివరి కొట్టాయన కారు ఏ సంవత్సరానిదో అడిగి, లేచి నిలబడి, “మా నాన్న పుట్టిన సంవత్సరం మాస్టారూ, కూర్చుని మాట్లాడకూడదు” అన్నాడు. మోటారు మాత్రం లేదు.

ఉత్త చేతులతో సాయంత్రానికి పర్చూరు చేరేసరికి షెడ్డు ముందు జనం. యలమంద అందర్నీ పిలిపించాడు. నర్సమ్మగారు కారులో పక్క సీట్లో కూర్చుని ఉన్నారు. ఇక రేపొక్కటే మిగిలిందని ఆవిడ ముఖంలోనే తెలుస్తోంది. పీరు డ్రైవరు సీట్లో కూర్చుని, వైపరు మీట తిప్పి వదిలేసి, అటు తిప్పినా ఇటు తిప్పినా ఒకటేనన్నట్టు చూస్తున్నాడు. బానెట్ ఒక పక్కకు తెరిచి ఉంది.

ఆ షెడ్డులో నిన్నమొన్నటి దాకా మిరపకాయ బస్తాలు నిల్వ ఉంచేవారు. పేరయ్య లోపలికి రాగానే తుమ్మాడు.

“తప్పు చేసినవాడి ముక్కు ఊరుకోదు” అన్నాడు యలమంద. వెంటనే నేను తుమ్మాను. పీరు తుమ్మాడు. నర్సమ్మగారు తుమ్మారు. చివరికి యలమంద కూడా వరసగా నాలుగు తుమ్మి, “ముఠా మనం అనుకున్నదాని కన్నా పెద్దది” అని సర్దుకున్నాడు.

తర్వాత ఇంజను పక్కకు వెళ్లి, వేలాడుతున్న పాత రబ్బరు గొట్టం ఒకటి పైకెత్తి చూపించాడు.

“ఏందిది?”

“తెలీదన్నా. ఆ పక్క వైపరు మోటారుకుంది, ఈ పక్క తెగి ఊగుతా ఉంది. దేనికీ పనికిరాదు” అన్నాడు పీరు.

“పనికిరాకపోవడమా? దొంగ మొదట పెట్రోలు కోసం వచ్చాడు. ఈ గొట్టంతోనే లాగాడు. దొరక్కపోయేసరికి కసితో తీగె పీకాడు. రుజువు కావాలా? ఇందులో పెట్రోలు వాసన ఇంకా ఉంటది.”

మా వైపు రైతులు డ్రమ్ములోంచి ఆయిలింజనుకు డీజిలు లాగేది నోటితోనే. చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు కనక, యలమంద గొట్టం నోట్లో పెట్టుకుని, బుగ్గలు లోపలికి పోయేలా గట్టిగా పీల్చాడు.

టక్ మంది. అద్దం మీద వైపరు ఎడమ నుంచి కుడికి పోయింది.

పౌడరు మధ్యలో శుభ్రంగా అర్ధచంద్రాకారం ఏర్పడింది. అందులోంచి నర్సమ్మగారి ముఖం కనిపించింది. అందరం అద్దం మీదికి వంగాం. బానెట్ చాటున ఉన్న యలమందకు ఇదేమీ కనపడలేదు. తల ఎత్తి, నోట్లోని పదేళ్ల మట్టి తుపుక్కున ఉమ్మి, “ఏందట్టా చూస్తన్నారు? దొంగ పారిపోయాడా?” అన్నాడు.

“అన్నా, ఇంకోసారి పీల్చు” అన్నాడు పీరు.

“పెట్రోలు లేదురా, మట్టే.”

“నువ్వు పీల్చన్నా నీకు దణ్ణం పెడతా.”

పీల్చాడు. వైపరు తిరిగి ఇవతలికి వచ్చింది. నాలుగోసారికి పీరు తల పట్టుకున్నాడు.

“మాస్టారూ, దీనికి తీగె ఎవరూ పీకలా. అసలు లేనే లేదు. ఇది కరెంటుతో ఆడేది కాదు. ఇంజను గాలి పీల్చుద్ది చూడండి, ఆ లాగుడికి ఆడుద్ది.”

“అందుకేనా ఆయన కాలు తీసేది” అన్నారు నర్సమ్మగారు మెల్లగా. ఆక్సిలేటరు తొక్కితే ఇంజను లాగుడు తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. అదంతా నేను పుస్తకంలో చదివి పాసైన సంగతే.

“ఇప్పుడేం చేద్దాం? రేపు ఇన్‌స్పెక్టరు ముందు వీణ్ణి బానెట్లో కూర్చోబెట్టి పీల్పిద్దామా?” అన్నాడు పేరయ్య.

పీరు అప్పటికే ఇంజనులో వెతుకుతున్నాడు. గొట్టం తగిలే చోట ఎప్పుడో ఎవరో చెక్క బిరడా కొట్టి ఉంది. దాన్ని ఊడదీశాడు. పేరయ్య పరుగున వెళ్లి పురుగుమందుల కొట్లోంచి కొత్త స్ప్రేయరు పైపు జానెడు కోయించుకొచ్చాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది. ఇంజను స్టార్టు చెయ్యగానే వైపరు అటూ ఇటూ ఊగింది. యలమంద వేలిముద్రలన్నీ తుడిచేసింది.

శుక్రవారం పొద్దున ఇన్‌స్పెక్టరు గారు లైట్లు చూశారు, హారను విన్నారు, బ్రేకులు తొక్కించారు.

“వైపరు.”

ఆడింది.

“ఇంజను రేస్ చెయ్యి.”

పీరు కంగారుగా తొక్కాడు. వైపరు అద్దం మధ్యలో ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు గారి పెన్ను కూడా కాగితం మధ్యలో ఆగిపోయింది.

“పీరూ, కాలు తియ్యి” అన్నారు నర్సమ్మగారు.

తీశాడు. వైపరు మళ్లీ కదిలింది.

“ఈ కారు అంతే సార్. తొందరపెడితే తుడవదు. మా ఆయన ముప్ఫై ఏళ్లు అట్టాగే నడిపారు” అన్నారావిడ.

ఇన్‌స్పెక్టరు గారు ఆ వైపరు వంక కాసేపు చూసి, సంతకం పెట్టారు. నర్సమ్మగారు కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, అక్కడే అల్లుడికి ఫోన్ చెయ్యమని నాకు చెప్పారు, ఆ పాత ఇనుము బండి రావద్దని.

“దీన్ని ఎవరు కనిపెట్టారు?” అడిగారు ఇన్‌స్పెక్టరు గారు.

యలమంద చొక్కా సర్దుకుని ముందుకొచ్చాడు. “మొదటి నుంచీ నా అనుమానం గాలి మీదేనండి. తీగె ముఠా అనేది నేరస్తుల్ని ఏమార్చడానికి నేనే పుట్టించాను.”

“భలేవారండీ. మా ఆఫీసు వెనక పాత జీపొకటుంది. ఏడాదిగా కదలదు. జబ్బేందో ఎవరికీ అంతుబట్టలేదు. కాస్త మీ పద్ధతిలో చూసిపెడతారా?”

అందరం వెనక్కి వెళ్లాం. పీరు జీపు బానెట్ ఎత్తాడు. లోపల మసి పట్టిన గొట్టాలు పదకొండున్నాయి. యలమంద వాటిని గంభీరంగా లెక్కపెట్టి, చెంబుడు మంచినీళ్లు తెమ్మని నాకు పురమాయించి, మొదటిదాన్ని నోట్లో పెట్టుకున్నాడు.