మంత్రిగారి వంతు మంచు

"ఈ చలికాలం ఎవరూ పనికి ఆలస్యంగా వెళ్లరు" అని రవాణా మంత్రి ఎబర్‌హార్డ్ కోల్బ్ గారు నవంబరులోనే ప్రకటించేశారు. 'ఆలస్యం లేని చలికాలం' అని పథకానికో పేరు, పేరుకో బొమ్మ, బొమ్మకో ఆవిష్కరణ సభ. మంచుకు మాత్రం కబురు అందినట్టు లేదు. జనవరి రెండో గురువారం తెల్లారేసరికి ఎల్‌ఫింగెన్ ఊరంతా మోకాలి లోతున పడి ఉంది.

మంత్రిగారు నిరాడంబరులు. అందరిలాగే అద్దె ఇంట్లో, రెండో అంతస్తులో ఉంటారు. ఆయన పైవాటాలో నలభై మూడో నంబరు బస్సు నడిపే రోస్విథా ఉంటుంది. జర్మనీలోని ఆ ష్వాబియా ప్రాంతపు ఇళ్లన్నింటిలోలాగే ఆ ఇంట్లోనూ ఒక చెక్క పలక ఉంది. అది ఎవరి తలుపుకు వేలాడితే ఆ వారం ముంగిటి మెట్లు ఊడ్చే వంతు వాళ్లది. మంచు పడితే ఏడింటికల్లా ఎత్తిపోయాలి. వంతు లేనివాళ్లు ఎత్తితే దాన్ని సాయం అనరు, పరువు తీయడం అంటారు. ఆ వారం పలక మంత్రిగారి తలుపుకు ఉంది.

రోస్విథాకి ఆ రోజు ఆలస్యం కాకూడదు. బొత్తిగా కాకూడదు. డిసెంబరులో రెండుసార్లయింది. మూడోసారి అయితే స్టీరింగు లాగేసుకుని డిపోలో బస్సులు కడిగే పనికి తోసేస్తారు. ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన మనిషికి అంతకన్నా తలవంపులేముంది! ఆ మూడుసార్ల నియమమూ మంత్రిగారి పథకంలోదే. పథకమన్నాక అన్నివైపుల నుంచీ ఆలోచించాలి మరి.

ఏడింటికి ఆమె కిందికి దిగేసరికి వీధి తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి ఉంది. దాని ముందు మంత్రిగారి కార్యదర్శి టిల్మన్, పక్కన కండలు తిరిగిన అంగరక్షకుడు. బయట పద్నాలుగు మెట్ల మీదా మంచు పడింది పడినట్టే ఉంది.

"తప్పుకో బాబూ, డ్యూటీకెళ్లాలి."

"పది నిమిషాలు మేడమ్. మంత్రిగారు స్వయంగా మంచు ఎత్తుతారు. ఫోటో తీయాలి. ఈలోగా మీ కాలి గుర్తులు పడితే, మంచు ఎత్తకముందే జనం నడిచారని పేపరువాళ్లు రాస్తారు."

"వెనక తలుపులోంచి పోతాలే."

"మంత్రిగారి భద్రత కోసం దానికి తాళం వేశాం."

"అయితే నీ ఫోనుతో తీసి తగలెయ్యి!"

"కిందటేడు ఫోనుతో తీస్తే మంత్రిగారికి రెండు గడ్డాలొచ్చాయి మేడమ్. అప్పట్నుంచి శాఖ ఫోటోగ్రాఫరే తీయాలని ఉత్తర్వు."

పది నిమిషాలు నలభై అయ్యాయి. డిపోకి ఫోను చేస్తే, బదులు డ్రైవరు జలుబుతో పడుకున్నాడన్నారు. ఇంతలో టిల్మన్ ఫోను మోగింది. విని, పెట్టేసి, పళ్లు నూరాడు.

"ఫోటోగ్రాఫరు చర్చి స్టాపులో గడ్డకట్టి చస్తున్నాడట. నలభై మూడు ఇంకా రాలేదట. ఈ బస్సు డ్రైవర్లకి బొత్తిగా బాధ్యత లేకుండా పోయింది!"

"ఆ డ్రైవర్ని నేనేరా నాయనా!"

టిల్మన్ ఇది తన స్థాయికి మించిన విషయమని గ్రహించి పైకి పరుగెత్తాడు. మంత్రిగారు కొత్త పార భుజాన వేసుకుని దిగారు. పారకు ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. అంతా ఓపిగ్గా విన్నారు. ఆ ఓపికే ఆయన్ని ఇంతవాణ్ణి చేసింది.

"అంటే నువ్వెళ్లి బస్సు తీస్తేనే ఫోటోగ్రాఫరు వస్తాడు."

"అంతే సార్! మీకు పుణ్యముంటుంది, వెళ్లనివ్వండి."

"ఫోటోగ్రాఫరు రాకుండా నువ్వెలా వెళ్తావమ్మా?" అన్నారు మంత్రిగారు, చిన్నపిల్లకు లెక్క చెప్పినంత మృదువుగా.

తొమ్మిదిన్నరకి ఫోటోగ్రాఫరు కొండెక్కి నడుచుకుంటూ వచ్చాడు. వచ్చినవాడు రొప్పుతూ మెట్లన్నీ తొక్కుకుంటూ పైకొచ్చి మంత్రిగారికి చెయ్యి అందించాడు. టిల్మన్ తల పట్టుకున్నాడు. అంగరక్షకుడు పక్కింటి పెరట్లోంచి నాలుగు బక్కెట్ల మంచు తెచ్చి పై మూడు మెట్ల మీదా పోసి సర్దాడు. మంత్రిగారు ఆ మూడూ ఎత్తిపోశారు. మిగతా పదకొండూ ఫోటోలోకి రావు.

"పథకం వల్ల లబ్ధి పొందినవాళ్లెవరైనా ఉంటే బాగుంటుంది సార్" అన్నాడు ఫోటోగ్రాఫరు.

అందరూ రోస్విథా వైపు తిరిగారు. ఆమెకు ఏడుపు ముంచుకొస్తోంది.

"నవ్వితే వదిలేస్తారా?"

"తక్షణం."

ముప్పై రెండు పళ్లూ కనిపించేలా నవ్వింది. ఆ తర్వాత మిగతా పదకొండు మెట్లూ కమ్మీ పట్టుకుని జారుకుంటూ దిగి, పడుతూ లేస్తూ పదింటికి డిపో చేరింది.

మర్నాడు ఫోటో మొదటి పేజీలో వచ్చింది. 'ఉదయం ఏడింటికే మెట్లు శుభ్రం. సకాలంలో పనికి బయల్దేరిన కార్మికురాలు.' రోస్విథా ప్రాణం లేచొచ్చింది. పేపరు తీసుకుని డిపో మేనేజరు ష్లెంకర్ దగ్గరికి పరుగెత్తింది.

"చూడండి సార్, మంత్రిగారి గుమ్మంలోనే ఉన్నాను. ఆయనే సాక్షి!"

ష్లెంకర్ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఏడింటికి బయల్దేరావు. మెట్లు శుభ్రం. డిపోకి పది నిమిషాల నడక. మరి పదింటిదాకా ఎక్కడ తిరిగావమ్మా?"

"ఆ ఫోటో కోసమే నిలబెట్టేశారు సార్!"

"మంత్రిగారు చెప్పింది అబద్ధమంటావా?"

రోస్విథా పేపరు మడిచి పట్టుకుని బయటికి నడిచింది.

సోమవారం ఆమెకు రబ్బరు బూట్లు, చీపురు, గుడ్డ ఇచ్చారు. కడగడానికి మొదట వచ్చింది నలభై మూడే. దాని పక్క భాగమంతా కొత్త పోస్టరు. ఒకవైపు పారతో మంత్రిగారు, ఇంకోవైపు ముప్పై రెండు పళ్లతో తను. 'ఆలస్యం లేని చలికాలం.' రోడ్డు మీది ఉప్పుబురద ఇద్దరి ముఖాల మీదా దట్టంగా పట్టింది. రోస్విథా గుడ్డ తడిపి తన ముఖం తుడవబోయింది.

"ఆగాగు!" అని ష్లెంకర్ గది కిటికీలోంచి కేకేశాడు. "సర్క్యులర్ చూడలేదా? ముందు మంత్రిగారిది."