అప్పడం చెప్పిన తేమ

వైశాలి కూలర్‌లో మూడో బకెట్ నీళ్లు పోస్తోంది. మే నెల. బాన్సువాడలో ఉదయం ఏడింటికే గది పెనంలా కాగుతోంది. ఆడబిడ్డ ప్రియదర్శినిని చూడటానికి పదకొండింటికి కోటగిరి నుంచి పెళ్లివారు వస్తారు. ఈలోగా ఆ పిల్ల కనురెప్పలకు పొడుగు వెంట్రుకలు అతికించాలి. హైదరాబాద్‌లో మూడు రోజులు ఆ పని నేర్చుకుని వచ్చాక వైశాలి చేతికి దొరికిన మొదటి కళ్లు అవే. రాత్రంతా ఆమెకు నిద్ర లేదు.

ఆ జిగురు గాలిలోని తేమకు బిగుస్తుంది. గాలి పొడిగా ఉంటే ఎంతకీ ఆరదు, తేమ ఎక్కువైతే పెట్టగానే రాయవుతుంది. నేర్పినావిడ గోడకు తేమను చూపే ముల్లున్న మీటరు ఒకటి ఉండేది. వైశాలి దగ్గర అది లేదు. అందుకే ఒక అప్పడం కాల్చి దారంతో గది గుమ్మానికి కట్టింది. కరకరలాడితే నీళ్లు చల్లాలి, మెత్తబడితే కూలర్ ఆపాలి.

అరగంట ఆగి వచ్చి అప్పడాన్ని గోటితో తట్టింది. కరకరలాడింది. గచ్చు మీద నీళ్లు చల్లింది. మళ్లీ తట్టింది. కరకర. తడి దుప్పటి కిటికీకి కట్టింది. అయినా కరకరే. ఇంత ఎండాకాలం తన జన్మలో చూడలేదనుకుని, జిగురు ఆరదేమోనన్న భయంతో కాస్త ఎక్కువే ముంచి అతికించింది. కింది రెప్పలు అంటుకోకుండా వేసిన టేపు చెమటకు లేచిన సంగతి చూసుకోలేదు.

"అయ్యింది. ఇగ కండ్లు తెరువు."

ప్రియదర్శిని కదల్లేదు.

"తెరువుమంటున్న గదా."

"తెరుస్తనే ఉన్న వదినె."

పై రెప్పలు కింది రెప్పలకు అతుక్కుపోయాయి. అలికిడికి అత్త పోసవ్వ వచ్చింది.

"అత్తమ్మా, గుమ్మానికి ఒక అప్పడం కట్టిన..."

"దిష్టికి కట్టినవు గదా. శుభమా అని పిల్లను చూసెటందుకు వస్తుంటే మెత్తబడ్డది ఉంచుతమా? మూడుసార్లు కొత్తది కాల్చి కట్టిన."

వైశాలి నేర్పినావిడకు ఫోన్ చేసింది. "లాగొద్దు. పైన కొబ్బరినూనె రాసి, గోరువెచ్చని గుడ్డ వెయ్యండి. గంటలో విడకపోతే కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి."

"కిరసనాయిలు పెడ్తె తలుపు రంగే పోతది, గీ జిగురు పోదా?" అంది పోసవ్వ. వైశాలి కిరసనాయిలు డబ్బాను వెనక దాచుకుని, రెప్పల మీద కొబ్బరినూనె రాసింది. ఆ పిల్లకు చూపు పోతే ఈ ఇంట్లో తన ముఖం ఎవరికి చూపాలి? నలభై నిమిషాలు గడిచాయి. వాకిట్లో జీపు ఆగింది.

వైశాలి ప్రియదర్శిని చెయ్యి పట్టుకుని నడిపించి చాప మీద కూర్చోబెట్టింది. పిల్ల తల ఎత్తలేదు, కళ్లు తెరవలేదు. పిల్లవాడి తల్లి మురిసిపోయింది.

"గీ కాలంల గింత సిగ్గున్న పిల్ల ఏడుంది? మా చెల్లె కోడలైతే చూపులల్లనే పిలగాణ్ని ట్రాక్టర్ నడుపొస్తదా అని అడిగింది."

"మా పిల్ల చిన్నప్పటి సంది గంతే," అంది పోసవ్వ, గోడవైపు చూస్తూ.

పిల్లవాడు మహిపాల్ గొంతు సవరించుకున్నాడు. "నన్ను చూడకుండ ఎట్ల ఒప్పుకుంటది? ఒక్కసారి చూడుమనుండ్రి."

ప్రియదర్శిని భయంతో ఏడ్చింది. నూనెకు నానిన రెప్పల్లో కన్నీళ్లు చేరాయి. కుడి రెప్ప మెల్లగా విడింది. ఎడమది సగం దాకా వచ్చి ఆగింది. అందరి ముందు ఆ పిల్ల మహిపాల్‌ను ఒంటి కన్నుతో సూటిగా చూసింది.

పోసవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"వదినె, కనబడ్తుంది."

"ఏం కనబడ్తుంది బిడ్డా?" అంది పిల్లవాడి తల్లి.

"మీసం. ఎడమ దిక్కు కొంచెం పొట్టిగుంది."

మహిపాల్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. కోటగిరిలో ఏ ఆడపిల్లా అతనికి కన్ను కొట్టి ఎరగదు.

"ఏంరా, నచ్చిందా?" అంది తల్లి.

అతను తల ఊపాడు. మీసాన్ని చేత్తో మూసుకుని లేచి, గడప దాటి వెళ్లిపోయాడు.

ఆ రోజు ఆ ఇంట్లో నిజంగా సిగ్గుపడింది అతనొక్కడే.