బజారులో కొన్న తాతగారు

ఖాళీ గోడ ఉన్న ఇంటికి మంచి సంబంధం కుదరదన్నది తేమా అనే రేవు పట్నంలోని ఫ్లాట్లలో అందరూ ఆమోదించిన విషయం. అరబా ఆమోదించడంతో ఆగలేదు, నిద్ర కూడా మానుకుంది. ఆదివారం ఆమె కూతురు మాన్సాను అడగడానికి పెళ్లివారు ఆచారం ప్రకారం మందు సీసాలతో వచ్చి తలుపు తట్టబోతున్నారు. ముందుగదిలో, సరిగ్గా వాళ్ల కళ్లెదుట, గోడ మీద ఆవు ఆకారంలో చెమ్మ మచ్చ.

దాన్ని కప్పే బొమ్మ కావాలి. చౌకగా దొరకాలి, చౌకగా కనిపించకూడదు. అచ్చుబొమ్మల దుకాణంలో అరబా ప్రతి బొమ్మలోనూ పొంచి ఉన్న ప్రమాదాన్ని ఓపికగా కనిపెట్టింది. సింహమా? పిల్ల గయ్యాళి అనుకుంటారు. సముద్రంలో పడవ మునిగేలా ఉంది. పళ్లబుట్ట పెడితే, తినడానికి లేక గోడకు తగిలించుకున్నారంటారు. ముసుగు నాట్యమైతే పాస్టరుగారు దయ్యం వదిలించే నూనె సీసాతో వచ్చేస్తారు. రంగులు కుమ్మరించిన ఆధునిక చిత్రం చూసి మాత్రం ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. అచ్చం ఇంట్లోని చెమ్మ మచ్చే!

"ఆంటీ, ఖాళీ ఫ్రేమిచ్చేయనా?" అన్నాడు దుకాణదారు.

"అందులోంచి బల్లి తొంగిచూస్తే?"

చివరికి నలుపు తెలుపుల్లో ఒక ముసలాయన నచ్చాడు. భుజాన వస్త్రం, గంభీరమైన చూపు, నల్లటి ఫ్రేము. ఆయనెవరో తెలియదు. కాబట్టి భయం లేదు.

ఆదివారం ఇంటిపెద్ద అయిన మేనమామ ఎబోను ఆ బొమ్మ కింద కూర్చోబెట్టారు. ఆయనకు చూపు మసకబారి చాన్నాళ్లయింది. కళ్లజోడు సంగతి పెళ్లయ్యాక పరిశీలించాలని కుటుంబం ఏకగ్రీవంగా తీర్మానించింది.

పెళ్లివారి తరఫున మాట్లాడటానికొచ్చిన మాటకారి తన కర్ర నేలకానించి, "మీ తోటలో మేమొక పువ్వును చూశాం..." అని అందుకుని, గోడ చూసి ఆగిపోయాడు. వెంటనే మగవాళ్లంతా చెప్పుల్లోంచి పాదాలు తీశారు, భుజాల మీది వస్త్రం దించారు. నల్ల ఫ్రేములో నలుపు తెలుపు పెద్దాయన గోడెక్కితే ఆ ఊళ్లో దానికి ఒక్కటే అర్థం. అరబా పడని భయం అదొక్కటే.

"తల్లీ, దుఃఖంలో ఉన్నామని ఒక్క మాట చెప్పలేదేం? చావింట్లో పెళ్లిమాట ఎత్తం. ఏడాది పోనివ్వండి." సీసాలు సంచిలోకి వెళ్లసాగాయి.

"అమ్మా, బజార్లో కొన్నానని చెప్పెయ్యవే!" అని మాన్సా గిల్లింది.

కొన్న తాతను గోడకెక్కించిన ఇల్లని పేరొస్తే ఇంకేమైనా ఉందా? "అయ్యో, ఇప్పుడు కాదు నాయనా! ఆయన మా తాతగారు. పోయి పదేళ్లు," అంది అరబా.

"మరి ఘనంగా సాగనంపారా?"

భయం అరబాకు అనర్గళంగా మాట్లాడటం నేర్పింది. వీధి పొడవునా పందిళ్లు, మూడు బ్యాండ్లు, బంధువులందరికీ ఒకే రకం బట్టలు, పట్టు పరిచిన శవపేటిక, కోసిన ఆవులు. వింటున్నకొద్దీ వియ్యాలవారి ముఖాలు వెలిగాయి.

"పెద్దల్ని ఇంతగా నెత్తిన పెట్టుకునే కుటుంబంతో వియ్యం మా పూర్వపుణ్యం!" అని మాటకారి గొంతెత్తి ప్రకటించాడు. సీసాలు బల్ల మీదికొచ్చాయి. సంబంధం ఖాయమైంది.

అందరూ వెళ్లాక ఎబో తలెత్తి కళ్లు చికిలించాడు. "ఎవరే అమ్మాయ్ ఆయన?"

"ఎవరూ కాదు మామయ్యా."

"ఎవరూ కానివాడికే అన్ని ఆవుల్ని కోశావే! మరి నాకొక్క కళ్లజోడు..."

"నీకేం దిగులు మామయ్యా? నీకు ఇంతకన్నా ఘనంగా చేస్తాం."

ఆ మాట నిలబెట్టుకునే ముందుజాగ్రత్తగా మరుసటి వారమే ఆయన్ని స్టూడియోకి తీసుకెళ్లి నలుపు తెలుపుల్లో ఫోటో తీయించారు. చూపు ఎంత గంభీరంగా వచ్చిందో అని బంధువులంతా మెచ్చుకున్నారు.

కెమెరా ఎటుందో ఆయనకు కనిపించలేదు మరి.