రోగి పాత్ర వదలని మాస్టారు

బుధవారం ఉదయం పదిగంటలకు లెక్కల మాస్టారికి పక్షవాతం రావలసి ఉంది. ఏర్పాట్లన్నీ ఆయన భార్యవే. ఆవిడ పెద్దాసుపత్రిలో స్ట్రోకు విభాగానికి హెడ్ సిస్టరు. రోగి గుమ్మం దాటిన క్షణం నుంచి మందు నరంలోకి ఎక్కేదాకా ఎన్ని నిమిషాలు పడుతోందో చూడడానికి ఆరోజు బయటినుంచి పరిశీలకులు వస్తున్నారు. దానికో ఉత్తుత్తి రోగి కావాలి. మాస్టారు బడికి సెలవు పెట్టారు.

వారం రోజులుగా ఇంట్లో రిహార్సల్సు జరిగాయి. మూతి ఎడమకి ఎంత లాగాలో, ఎత్తిన కుడిచెయ్యి ఎంతసేపట్లో జారిపోవాలో ఆవిడ అద్దం ముందు నిలబెట్టి నేర్పింది. "నవ్వమంటే రెండు పక్కలా నవ్వేస్తున్నారు. మన పెళ్ళిలో కూడా ఇంత నవ్వలేదు మీరు" అని విసుక్కుంది. చివరికి సూచనలన్నీ కాగితం మీద రాసిచ్చింది. ఫోను తేకూడదు. జేబులో గుర్తింపు కార్డు ఉండకూడదు. డ్రిల్లు అయిందని చెప్పేవరకు, ఏం జరిగినా సరే, పాత్ర వదలకూడదు. ప్రశ్నపత్రం పైనున్న సూచనలు ముందు చదవమని ముప్పై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్న మనిషి మాస్టారు. కాగితం మూడుసార్లు చదివి, ఫోను సొరుగులో పడేసి, తొమ్మిదింపావుకి బయల్దేరారు.

తొమ్మిదిన్నరకి డ్రిల్లు మర్నాటికి వాయిదా పడింది. పరిశీలకుల కారు దారిలో చెడిపోయింది. సిస్టరు వెంటనే భర్తకి ఫోను చేస్తే అత్తగారు తీశారు.

"అత్తయ్యా, ఇవాళ లేదట, రేపని ఆయనకి చెప్పండి."

"చెప్తాలేమ్మా" అని అత్తగారు పెట్టేశారు. కొడుకు ఇంట్లో ఉన్నాడా అని ఆవిడని ఎవరూ అడగలేదు. సాయంత్రం రాగానే చెప్పొచ్చని ఆవిడ ఉద్దేశం.

పదింటికి మాస్టారు అత్యవసర విభాగం గుమ్మంలో, కుర్చీ మీద కుడిపక్కకి ఒరిగిపోయారు.

డ్యూటీలో ఉన్నది నెలక్రితం చేరిన డాక్టరమ్మ. "బాబాయిగారూ, ఒక్కసారి నవ్వండి. చేతులు రెండూ ఎత్తండి. మీ పేరేంటి?"

"బ్బ... బ్బ..." అన్నారు మాస్టారు. తన నటనకి తనకే ముచ్చటేసింది.

తర్వాత ఎవరూ ఆగలేదు. సుగరు చూశారు, బీపీ చూశారు, ఛాతీకి తీగలు అంటించారు. చేతికి సూది నిజంగానే గుచ్చారు. ఊరికే ప్లాస్టరు అంటిస్తారని భార్య చెప్పింది. పరిశీలకులు చూస్తున్నారని కాబోలు అనుకుని మాస్టారు పళ్ళు బిగించారు, ఎడమపక్క మాత్రమే.

స్కానులో మెదడు శుభ్రంగా ఉంది. అదే ఆయన కొంప ముంచింది. లోపల రక్తం చిమ్మలేదంటే గడ్డ కరిగించే మందు ఇవ్వొచ్చు. గడ్డ వల్ల వచ్చే స్ట్రోకు తొలి గంటల్లో స్కానులో కనబడకపోవడం మామూలే. పాత మందైతే గంటసేపు ఎక్కించాలి, మధ్యలో ఆపుకోవచ్చు. కొత్తది ఒక్క సిరంజి, పది సెకన్లు. వేశాక వెనక్కి తీసుకోవడం ఉండదు. నూటికి ముగ్గురు నలుగురికి దానివల్లే మెదడులో రక్తం చిమ్ముతుంది.

స్ట్రోకు కేసని పిలుపు రాగానే సిస్టరు మేడ మీంచి పరుగున వచ్చింది. బల్ల మీద భర్త. ఆయనకి కబురందిందని ఆవిడ నమ్మకం. కనక ఇది నిజం.

"అయ్యో, ఏవండీ!"

మాస్టారు ఓరకంట చూశారు. ఏం నటన! రిహార్సల్సులో ఇంత ఏడుపు లేదు.

"మీవారా సిస్టర్? చివరిసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారు?" అంది డాక్టరమ్మ.

"ఏడింటికి. నాకు బస్సు తప్పిపోతుందని తిడుతున్నారు. శుభ్రంగా తిట్టారమ్మా, ఒక్క మాట తడబడలేదు."

"అయితే టైముంది. సంతకం పెట్టండి."

వందలమంది చేత చిటికెలో సంతకాలు పెట్టించిన సిస్టరు కలం పట్టుకుని ఆగిపోయింది. "ఒక్క ఐదు నిమిషాలు చూద్దామా అమ్మా? మా ఆడపడుచుని ఓ మాట అడిగి..."

"నిమిషానికి ఇరవై లక్షల కణాలు చచ్చిపోతాయని గోడ మీద అంటించింది మీరే. ఆడపడుచుని అడుగుతానన్నావిణ్ణి మొన్న మీరేమన్నారో చెప్పనా?"

"వద్దు తల్లీ, గుర్తుంది." సంతకం పెట్టేసింది.

డాక్టరమ్మ సిరంజిలో గాలి తీసింది. అందులో ఉప్పునీళ్ళే కదా అని మాస్టారు నిశ్చింతగా పడుకున్నారు. సిస్టరు ఆయన పడిపోయిన చెయ్యి పట్టుకుని చెవి దగ్గరికి వంగింది.

"ఏవండీ, మీకేమైనా అయితే ఇది నా గుండెల్లోనే ఉండిపోతుంది. మీ లెక్కల నోట్సులు చెదలు తినలేదండీ. పాత పేపర్లవాడికి నేనే వేసేశాను."

కుడిచెయ్యి ఆవిడ చేతిని విదిలించుకుంది. కుడికాలు బల్ల దిగింది.

"చెదలన్నావు కదే! చచ్చిన చెదపురుగుని తెచ్చి చూపించావు కూడానూ!"

డాక్టరమ్మ సిరంజిని పళ్ళెంలో పెట్టి, కేసు కాగితం మీద "మందు ఇవ్వకముందే లక్షణాలు పూర్తిగా తగ్గాయి" అని రాసింది.

ఎవరు ఎవరికి ఏం చెప్పలేదో తేలడానికి అరగంట పట్టింది. అత్తగారికి ఫోను చేస్తే "చెప్తానన్నాగా? సాయంత్రం దాకా ఓపిక పట్టలేరూ?" అన్నారు. మాస్టారు మాత్రం గొంతు తగ్గించలేదు.

"త్రికోణమితి కూడానా?"

"ముందు వెళ్ళింది అదే. ఇక ఇంటికి పదండి, ఊళ్ళో పరువు పోయింది" అంటూ సిస్టరు ఆయన ఛాతీ మీది తీగలు పీకబోయింది.

"ఉండండి సిస్టర్" అంది డాక్టరమ్మ, మానిటరు లోంచి వచ్చిన చీటీ చాపుతూ. "ఇందాకట్నుంచీ చూస్తున్నాను. గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. ఇది కూడా మీరే నేర్పారా?"

సిస్టరు చీటీని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది. మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"లేదమ్మా. ఇది నేను నేర్పలేదు."

అలాంటి గుండెలో గడ్డ కట్టి, ఏదో ఒకరోజు మెదడుకి ఎగబాకుతుందని ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మాస్టారికి కూడా ఆ మొహం చూస్తే నటన కాదని తెలిసింది. నోట్సుల మాట ఎత్తలేదు. రక్తం గడ్డ కట్టకుండా రోజూ వేసుకోవలసిన మాత్రలు రాయించుకుని, ఇద్దరూ ఒకే బస్సులో ఇంటికి వెళ్ళారు.

మర్నాడు మాస్టారు మళ్ళీ తయారై వచ్చారు గానీ, నిజమైన రోగులు ఆ పాత్రకి పనికిరారని పరిశీలకులు వెనక్కి పంపేశారు.